ఇద్దరికీ ఒకే బీపీ మిషన్: రెండు ఖాతాల రకం కొనొచ్చా?

ఇంట్లో అమ్మకో నాన్నకో ఎప్పట్నుంచో బీపీ. చూసుకునే కొడుక్కో కూతురికో ఈమధ్యే మాత్రలు మొదలయ్యాయి. ఆఫీసుకు పరిగెత్తే వేళ ఇద్దరి లెక్కా ఒక్కరే రాసుకోవాలి. ఇలాంటి ఇంటికి రెండు మిషన్లు అక్కర్లేదు. జబ్బకు పట్టీ కట్టి చూసే, ఇద్దరి రీడింగులూ విడివిడిగా దాచే మిషన్ ఒకటి చాలు. మణికట్టు రకం వద్దు. చేయి గుండె ఎత్తున కదలకుండా నిలబెట్టకపోతే అందులో అంకె మారిపోతుంది, చేతులు వణికే పెద్దవాళ్లకు అది కుదిరే పని కాదు.

పెట్టె మీది పొగడ్తలు వదిలేసి మోడల్ నంబరు చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 81060-2 ప్రకారం పరీక్షకు నిలిచిన మిషన్ల జాబితా స్ట్రైడ్ బీపీ అనే నిపుణుల సంస్థ వెబ్‌సైట్‌లో ఉంది. ఒకే కంపెనీలో ఒక మోడల్ జాబితాలో ఉండి, పక్క మోడల్ లేకపోవచ్చు. అందుకే కంపెనీ పేరు ఒక్కటే చూసి కొనకూడదు.

అసలు పేచీ పట్టీ దగ్గర వస్తుంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టి ఇద్దరి జబ్బలూ కొలవండి. చాలా మిషన్లతో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు సరిపోతుంది. కూర్చుని పనిచేసేవాళ్ల జబ్బ 34 ఉండొచ్చు, చిక్కిపోయిన పెద్దావిడది 21 ఉండొచ్చు. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, సన్న చేతికి పెద్దది కడితే తక్కువ చూపిస్తుంది. అంటే ఒకే తప్పుడు పట్టీతో ఒకరికి అనవసరంగా డోసు పెరగొచ్చు, ఇంకొకరి బీపీ దాగిపోవచ్చు. 22 నుంచి 42 సెంటీమీటర్ల జబ్బ దాకా పనికొచ్చే పట్టీ ఉన్న మోడల్ తీసుకుంటే ఎక్కువమందికి సరిపోతుంది. 22 కంటే సన్నటి చేయి ఉంటే అదే మోడల్‌కు చిన్న పట్టీ విడిగా దొరుకుతుందని తేల్చుకున్నాకే కొనండి.

ఇక రెండు ఖాతాల సంగతి. పక్కకు జరిపే స్విచ్ ఉన్న మిషన్‌కే మా ఓటు. స్విచ్ 1 దగ్గర ఉందో 2 దగ్గర ఉందో మిషన్ ఆన్ చేయకముందే కంటికి కనిపిస్తుంది. బటన్ నొక్కి మార్చే కొన్ని రకాలు కిందటిసారి వాడినవాళ్ల ఖాతాలోనే తెరుచుకుంటాయి. అమ్మది చూసి, వెంటనే పట్టీ మీ చేతికి కట్టుకుని స్టార్ట్ నొక్కితే మీ 148 వెళ్లి అమ్మ లెక్కలో కూర్చుంటుంది. మిషన్ చూపించే సగటు కూడా చెడుతుంది. పైగా కొన్ని మోడళ్లలో ఆ ఒక్క రీడింగే తీసేసే వీలు ఉండదు, తుడిస్తే ఖాతా మొత్తం పోతుంది. అందుకే ఎంత మంచి మిషన్ అయినా పక్కన ఒక నోట్‌బుక్ ఉండాలి. పేరు, తేదీ, టైము, ఏ చేయి, పై అంకె, కింది అంకె, పల్స్, మాత్రకు ముందా తర్వాతా. ఇంతే రాస్తే చాలు.

పొద్దున ఇద్దరికీ కలిపి 12 నిమిషాలు పడుతుంది. కాఫీ, టీలకూ మాత్రలకూ ముందే కానివ్వాలి. ఇద్దరూ బాత్రూమ్‌కు వెళ్లొచ్చి కూర్చోండి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, కాలు మీద కాలు వద్దు. 5 నిమిషాలు మౌనంగా కూర్చుంటే ఆ విశ్రాంతి ఇద్దరికీ లెక్కకు వస్తుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు 2 సెంటీమీటర్లు పైన, ట్యూబు లోపలివైపు, పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత బిగువు. చొక్కా చేయి పైకి మడిచి బిగించొద్దు, తీసేయడం మేలు. ముందు పెద్దవాళ్లకు నిమిషం ఎడంతో రెండుసార్లు, తర్వాత మీకు రెండుసార్లు. చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి దిగితే అంకె 7, 8 పాయింట్ల దాకా పెరుగుతుంది. పట్టీలో గాలి నిండుతుండగా "ఎంత వచ్చిందిరా?" అని అడిగినా అంకె పెరుగుతుంది, అందుకే మాట్లాడొద్దని ముందే చెప్పి ఉంచండి.

పనిచేసేవాళ్లు తల బరువెక్కినప్పుడో, పైవాళ్లతో మాటపడి ఫోన్ పెట్టేసినప్పుడో మాత్రమే చూసుకుంటారు. అప్పుడు అంకె ఎక్కువే వస్తుంది. దాన్ని రాసుకోండి, కానీ వారం సగటులో కలపొద్దు. ఉదయం, సాయంత్రం రెండేసి రీడింగుల చొప్పున 7 రోజులు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంట్లో చూసినప్పుడు ఆ సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపించాలి. మాత్ర సొంతంగా పెంచడం, ఆపడం చేయొద్దు.

పెద్దవాళ్ల విషయంలో ఈ మిషన్ చేసే గొప్ప మేలు వేరే ఉంది: లేచి నిలబడ్డాక బీపీ పడిపోతోందేమో పట్టుకోవడం. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. నిలబడ్డప్పుడు కూడా చేతిని గుండె ఎత్తున పట్టుకోవాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడినా, కళ్లు తిరిగినా డాక్టరుకు చెప్పాలి. బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం, షుగర్‌తో దెబ్బతిన్న నరాలు ఇందుకు మామూలు కారణాలు. వెనక కుర్చీ, పక్కన మనిషి లేకుండా ఈ పరీక్ష చేయొద్దు.

లోపాలూ ఉన్నాయి. గుండె లయ తప్పేవాళ్లకు ఒక్కో రీడింగు ఒక్కోలా వస్తుంది. మూడుసార్లు చూసి సగటు తీయాలి, ఒక్కోసారి మిషన్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. చేయి కదిలితే ఇంకా ఎక్కువ గాలి నింపుతుంది, సన్నటి చర్మానికి అది నొప్పి. స్టాప్ నొక్కితే గాలి వెంటనే దిగుతుంది, ఆ బటన్ ఎక్కడుందో పెద్దవాళ్లకూ చూపించండి. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన చేతికి పట్టీ కట్టనే కూడదు. ఫోన్ యాప్ ఉన్న మోడల్‌కు ఎక్కువ పెట్టనక్కర్లేదు, నోట్‌బుక్ ఆ పని చేస్తుంది.

చాలావాటికి నాలుగు ఏఏ సెల్స్ పడతాయి. చార్జింగ్ సెల్స్ 1.2 వోల్టులే కాబట్టి బ్యాటరీ గుర్తు తొందరగా వెలుగుతుంది. సెల్స్ మార్చినప్పుడల్లా గడియారం సరిచూడండి, లేకపోతే ఉదయం రీడింగులు అర్ధరాత్రివిగా నమోదవుతాయి.

180/120 దాటితే 5 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, తగ్గకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒకవైపు చేయి కాలు చచ్చుబడటం ఉంటే రెండో రీడింగు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మామూలుగా చూపించుకోవడానికి వెళ్లే రోజు నోట్‌బుక్‌తో పాటు మిషన్ కూడా తీసుకెళ్లి, అక్కడి మిషన్ అంకెతో పోల్చి చూడమని అడగండి. రెండు చేతులకూ చూపించి, ఎక్కువ వచ్చిన చేయి ఏదో నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.