పొద్దు తొమ్మిదిన్నరకు గూకే తీరం: మాలగా పరిసరాల్లో పన్నెండు రోజులు

స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగా నగరానికి చేరిన మొదటి సాయంత్రం ఏడున్నరకే మా అమ్మ రాత్రి భోజనానికి సిద్ధమై కూర్చుంది. కాకినాడలో ఆమెకు అలవాటైన వేళ అది. నేను, మావారు, పదేళ్ల మా అబ్బాయి, అమ్మ కలిసి కిందికి దిగి వీధిలో ఉన్న నాలుగు హోటళ్లూ చూశాం. రెండింటికి తలుపులు వేసి ఉన్నాయి. మూడోదానిలో కాఫీ, శీతల పానీయాలు ఉన్నాయి కానీ వంటింట్లో ఇంకా పొయ్యి వెలిగించలేదన్నారు. నాలుగోదానిలో ఎనిమిదిన్నర దాటాక రమ్మని మర్యాదగా చెప్పారు. బయట చూస్తే మన దగ్గర సాయంత్రం నాలుగున్నరకు కాసే ఎండ. "ఇంత పొద్దుండగా వీళ్లకు రాత్రి భోజనం గుర్తుకు రాదు కాబోలే" అంది అమ్మ. ఆ రాత్రి వెంట తెచ్చుకున్న అటుకులతో సరిపెట్టుకున్నాం కానీ, ఈ తీరపు వేసవి అంతా ఆమె అన్న మాట చుట్టూనే తిరుగుతుందని తరవాతి రోజుల్లో తెలిసింది.

మాలగా గ్రీనిచ్‌కు పడమటి వైపున ఉన్నా, స్పెయిన్ 1940 నుంచి జర్మనీ పాటించే మధ్య ఐరోపా కాలమానాన్నే పాటిస్తోంది. పైగా వేసవిలో గడియారాన్ని మరో గంట ముందుకు జరుపుతారు. అందువల్ల జులైలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం రెండుంబావు దాటుతుంది, పొద్దు గూకేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు వరకు, రాత్రి భోజనం తొమ్మిది తరవాత. ఆ నడుమ చాలాచోట్ల వంటిల్లు మూసే ఉంటుంది. ఈ వేళలకు మేము సర్దుకున్న రోజుల్లో తిండి, ఖర్చు, కాలక్షేపం మూడూ చక్కగా కుదిరాయి; మన వేళలకే పట్టుబట్టిన రోజుల్లో, పర్యాటకుల కోసం రోజంతా తెరిచి ఉంచే చోట్ల మళ్లీ వేడి చేసి పెట్టిన తిండే దొరికింది. మేము చూసిన ఊళ్లనూ బసలనూ ప్రధానంగా ఈ ఒక్క కొలతతోనే తూచి చెబుతున్నాను.

ఈ తీరం పేరు కోస్తా డెల్ సోల్, అంటే సూర్యుడి తీరం. మనం కోస్తా జిల్లాలు అన్నప్పుడు వాడే కోస్తా కూడా పోర్చుగీసుల ద్వారా మనకు చేరిన ఇదే మాట. మొదటి ఐదు రాత్రులు మాలగా నగరానికి తూర్పున ఉన్న పెద్రెగలేహోలో ఒక అపార్ట్‌మెంట్‌లో, తరవాతి నాలుగు తోర్రెమోలినోస్‌లో ఒక పెద్ద హోటల్లో, చివరి మూడు నెర్హాలో చిన్న కుటుంబ వసతిలో గడిపాం.

పెద్రెగలేహో, దానిని ఆనుకుని ఉన్న ఎల్ పాలో ఒకప్పటి జాలరి పేటలు. ఒడ్డు పొడవునా రాళ్ల కట్టలు కట్టి, నెలవంక ఆకారంలో చిన్న చిన్న బీచ్‌లు చేశారు. ఇసుక బూడిద రంగులో కాస్త ముతకగా ఉంటుంది. విశాఖ బీచ్ ఇసుకకు అలవాటుపడిన కాలికి అంత హాయిగా ఉండదు. కానీ అలలు నెమ్మది, పిల్లలకు భయం లేదు, నగరం నడిబొడ్డు నుంచి 11వ నంబరు బస్సు నేరుగా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒడ్డున వరసగా ఉన్న చిరింగితోలలో, అంటే బీచ్ హోటళ్లలో, చుట్టూ కూర్చున్నవారిలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే. తాతలు, మనవలు, పాల సీసాతో తల్లులు, అందరూ రాత్రి పదకొండింటికి ఒకే బల్ల చుట్టూ కనిపిస్తారు.

ఇక్కడి ప్రసిద్ధ వంటకం ఎస్పేతో. ఒక పాత పడవను ఇసుకలో నిలిపి, దాని కడుపును ఇసుకతో నింపి, పైన ఆలివ్ కట్టెలతో నిప్పు చేస్తారు. మన ఉత్తరాంధ్రలో కవళ్లు అనే చేపలకు దగ్గరి జాతి సార్డీన్‌లను ఆరేసి చొప్పున రెల్లు చీలికకు గుచ్చి, నిప్పు పక్కన ఇసుకలో ఏటవాలుగా పాతుతారు. మా అబ్బాయి ఆ పడవ దగ్గరే అరగంట నిలబడిపోయాడు. వంటమనిషి చేప తరవాత చేపను అందుకుని, వెన్నెముక కింది వైపు నుంచి పుల్లను దూర్చి, రాళ్లుప్పును గుప్పిటితో చల్లి, వీస్తున్న గాలిని ముఖం మీద ఒకసారి చూసుకుని, పొగ తగలని వైపున పాతాడు. వెన్ను పైనుంచి గుచ్చితే కాలుతున్నప్పుడు మాంసం విడిపోయి చేప నిప్పులో పడుతుందని సైగలతోనే వాడికి చెప్పాడు. చర్మం మీద నూనె బుడగలు తేలి, ఉప్పు తెల్లగా పేరుకున్నాక పుల్లను ఒక్కసారి తిప్పాడు, అంతే. మసాలా లేదు, నూనె లేదు, పక్కన ఒక నిమ్మ బద్ద. మావారు మొదటి చేపను ఫోర్కుతో ఎత్తబోతే ఆ వంటమనిషి నవ్వుతూ వేళ్లు చూపించాడు. ఆ నవ్వుకు వెనుక ఒక కథ ఉంది. 1882లో ఎల్ పాలోలో మిగెల్ మార్తీనెస్ సోలెర్ అనే ఆయన ఈ వంటకంతో హోటల్ తెరిచాడని, 1884 చివర వచ్చిన భూకంపం తరవాత బాధితులను చూడటానికి వచ్చిన రాజు 12వ అల్ఫోన్సో 1885లో అక్కడ కత్తి, ఫోర్కు పట్టుకుంటే "అలా కాదు, వేళ్లతో" అని మిగెల్ చెప్పాడని ఇక్కడివాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. స్పానిష్‌లో పేరులో 'ర' లేని నెలల్లో, అంటే మే నుంచి ఆగస్టు వరకు, సార్డీన్ బాగా కొవ్వు పట్టి రుచిగా ఉంటుందంటారు. మేము తిన్నచోట ఒక పుల్ల నాలుగు యూరోల లోపే. నెత్తళ్ల లాంటి బొకెరోనెస్ వేపుడు కూడా మావారికి బాగా నచ్చింది.

అమ్మ చేప ముట్టదు, గుడ్డు ముట్టదు. ఆమెతో తిరగడం వల్లే ఈ తీరపు శాకాహారం నాకు తెలిసింది, ఇలాంటి పెద్దవాళ్లను తీసుకువెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ సంగతి పనికివస్తుంది. కూరగాయల సలాడ్ అని రాసి ఉన్నా పైన ట్యూనా వేసి తెస్తారు, చల్లని టమాటా సూపులోనూ కొన్నిచోట్ల పంది మాంసపు ముక్కలు, ఉడికించిన గుడ్డు చల్లుతారు; "శాకాహారం" అంటే చాలదు, "మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు" అని మూడూ విడివిడిగా చెప్పాలి. అలా చెప్పాక దొరికినవి చాలా బాగున్నాయి. బాదం, వెల్లుల్లి, రొట్టె, ఆలివ్ నూనె కలిపి రుబ్బి, చల్లగా, ద్రాక్షపళ్లు వేసి ఇచ్చే అహోబ్లాంకోను అమ్మ మూడు రోజులు వరసగా అడిగి తాగింది. వంకాయను పలచగా తరిగి, పిండిలో దొర్లించి, కరకరలాడేలా వేయించి, పైన నల్లని చెరకు పాకం పోసి ఇస్తారు. మొదటి ముక్క నోట పెట్టుకోగానే "ఇది మన బెల్లప్పాకమే" అంది అమ్మ. నిజానికి ఆమె మాటలో తప్పు లేదు. అరబ్బుల కాలం నుంచి ఈ తీరంలో చెరకు పండేది. తూర్పున ఆనుకుని ఉన్న గ్రనాడా తీరంలోని చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడినా, నెర్హాకు పైన కొండ మీద ఉన్న ఫ్రిహిలియానా ఊళ్లో ఈ పాకం ఇప్పటికీ తయారవుతోంది. అక్కడి నుంచి రెండు సీసాలు కాకినాడకు ప్రయాణం కట్టాయి.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. మాలగాలో కాఫీ, పాల పాళ్లను బట్టి ఒక్కో గ్లాసుకు ఒక్కో పేరు ఉంటుంది. మేఘం అనే అర్థం వచ్చే నూబేలో పాలే ఎక్కువ, నీడ అనే సోంబ్రాలో కాఫీ కాస్త పెరుగుతుంది, మితాద్ అంటే సగం సగం. డికాక్షన్ కాఫీకి అలవాటుపడిన మనవాళ్లు మితాద్ అడగడం మంచిది.

అపార్ట్‌మెంట్‌లో వంటిల్లు ఉండటం వల్ల అమ్మకు రోజుకొక పూట పెరుగన్నం కుదిరింది, అది పెద్ద సౌకర్యం. అయితే అదే బసలో మాకు కష్టమూ కలిగింది. ప్రకటనలో ఇల్లంతా ఏసీ అని రాసినవారు ముందు గదిలో మాత్రమే పెట్టారు. ఈ తీరంలో టెర్రాల్ అనే గాలి ఒకటి ఉంది. లోతట్టు నుంచి కొండలు దాటి పొడిగా, వేడిగా దిగుతుంది, అది వీచిన రోజు ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరుతుంది. మూడో రాత్రి ఆ గాలి వచ్చింది. అమ్మకు ముందు గదిలో పడక వేసి, మేము కిటికీలు మూసుకుని తెల్లవార్లూ మేలుకున్నాం. ఉదయం సముద్రంలో చల్లబడదామని దిగితే నీళ్లు వణికించేంత చలిగా ఉన్నాయి. నేల మీది గాలి పైనున్న వెచ్చని నీటిని లోపలికి తోసేస్తే అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుందట. ఇంటి యజమానికి రాస్తే రెండు రోజులకు ఒక ఫ్యాను పంపారు. జులై, ఆగస్టు నెలల్లో వెళ్లేవారు పడకగదిలో ఏసీ ఉందా అని విడిగా, రాతపూర్వకంగా అడిగి తీరాలి. నగరంలో ఇళ్ల అద్దెలు భరించలేక స్థానికులు 2024లో వీధుల్లోకి వచ్చారు కనుక, ప్రభుత్వ నమోదు సంఖ్య ఉన్న వసతినే తీసుకోవడం, రాత్రివేళ మెట్ల మీద సందడి చేయకపోవడం కూడా మన బాధ్యతేనని నాకు గట్టిగా అనిపించింది.

జులై 16న ఎల్ పాలోలో కార్మెన్ మాత, అంటే మేరీ మాత, పండుగ. జాలర్ల రక్షకురాలైన ఆ తల్లి విగ్రహాన్ని తెల్లని దుస్తులు వేసుకున్న మగవాళ్లు భుజాల మీద ఎత్తుకుని వీధులన్నీ తిప్పి, నీళ్లలోకి దిగి పడవ ఎక్కిస్తారు. సాయంత్రం ఏడు గంటల నుంచే ఒడ్డు నిండిపోయింది. ఇక్కడి సంప్రదాయ పడవల ముక్కుకు రెండు వైపులా కళ్లు చిత్రించి ఉంటాయి. విగ్రహం నీటిని తాకగానే వేలమంది ఒక్కసారిగా పేరు పెట్టి జయజయధ్వానం చేశారు, వృద్ధ స్త్రీలు కళ్లు తుడుచుకున్నారు. మన జాలరి పల్లెల్లో గంగమ్మ సంబరం చూసిన అమ్మ చేతులు జోడించి నిలబడింది. పక్కనున్న ఒక ముసలావిడ ఆమెకు తన కుర్చీ ఇచ్చింది, భాష తెలియకపోయినా ఇద్దరూ గంటసేపు పక్కపక్కనే ఉన్నారు. టికెట్టు లేదు, ఏర్పాటు చేసిన ప్రదర్శన కాదు. పన్నెండు రోజుల్లో మేము చూసినవాటిలో దీనికి సాటి వచ్చేది లేదు.

మిగిలిన సాయంత్రాలు నగరంలో గడిపాం. అల్కసాబా కోటకు ఆదివారం మధ్యాహ్నం రెండు తరవాత ప్రవేశం ఉచితం, కానీ ఆ ఎండలో ఎక్కకుండా ఆరు దాటాక వెళ్లడం మేలు. దాని పాదాల దగ్గర 1951లో బయటపడిన రోమన్ రంగస్థలం మెట్ల మీద అప్పటికి నీడ పడుతుంది. పికాసో 1881లో పుట్టిన ఊరు ఇది, ఆయన పేరిట 2003లో తెరిచిన మ్యూజియం నడి మధ్యాహ్నపు వేడికి మంచి ఆశ్రయం. వేసవిలో బీచ్‌లలో ఉచితంగా సినిమాలు వేస్తారు, మేము చూసింది స్పానిష్ డబ్బింగే అయినా అబ్బాయి కదలలేదు.

తోర్రెమోలినోస్ వేరే లోకం. 1959లో పెస్ ఎస్పాదా హోటల్‌తో మొదలైన ఆకాశహర్మ్యాల వరస ఇప్పుడు ఒడ్డంతా ఉంది. మా హోటల్లో ఈత కొలనులు, పిల్లలకు ఆటలు, రాత్రి పాటల కార్యక్రమాలు, ఉదయం, రాత్రి బఫే అన్నీ గది అద్దెలోనే. చిన్న పిల్లలున్నవారికి ఇది నిజంగా విశ్రాంతి, గదులు శుభ్రం, ఏసీ ప్రతి గదికీ ఉంది. కానీ రాత్రి బఫేకు డబ్బు ముందే కట్టాం కనుక ఎనిమిదింటికే అక్కడికి చేరాలి, దానితో ఊరు మేలుకునే వేళకు మేము కడుపు నిండి గదిలో ఉన్నాం. మళ్లీ వెళితే అల్పాహారం ఒక్కటే తీసుకుంటాను. పక్కనే ఉన్న లా కారిహ్వేలా పాత జాలరి వీధిలో చేపల వేపుడు బఫే కన్నా ఎంతో బాగుంది. విమానాశ్రయాన్ని తాకుతూ మాలగా నుంచి ఫ్వెంహిరోలా వరకు నడిచే లోకల్ రైలు ఇక్కడ ఆగడం మరో మేలు. ఆ రైలు మార్బెయా వరకు పోదు, అక్కడికి బస్సే గతి. మార్బెయాలో నారింజ చెట్ల చతురస్రం, తెల్లని సందులు అందమైనవి. బీచ్ పడకల అద్దె మాత్రం పెద్రెగలేహోకు అనేక రెట్లు. ఒక పూట చాలు.

హోటళ్ల సేవ గురించి రెండు మాటలు. 2022 నాటి చట్టం ప్రకారం అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, అడగకపోతే సీసా తెచ్చి పెడతారు. ఒక చోట మేము అడగని రొట్టెకు నలుగురి పేరునా డబ్బు వేశారు; బిల్లు చూపించి అడిగితే మారు మాట్లాడకుండా తీసేశారు. బిల్లు మనం అడిగేదాకా తేరు, అది అశ్రద్ధ కాదు. తిన్న తరవాత బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడుకోవడానికి వాళ్లకు సోబ్రెమేసా అని ఒక పేరే ఉంది, ఆ సమయాన్ని తొందరపెట్టడం మర్యాద కాదనుకుంటారు.

నెర్హాకు బస్సులో గంటకు పైగా పట్టింది. 1959లో గబ్బిలాల కోసం వెళ్లిన కుర్రవాళ్లు కనుగొన్న గుహ ఇక్కడ ఉంది. లోపల 32 మీటర్ల ఎత్తున్న రాతి స్తంభం కింద నిలబడితే చల్లదనానికి అమ్మ చెంగు కప్పుకుంది. టికెట్టు సమయం ముందే తీసుకోవాలి, మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవారు నెమ్మదిగా వెళ్లాలి. బురియానా బీచ్‌లో కట్టెల మీద పెద్ద మూకుళ్లలో పాయెయా అనే అన్నపు వంటకం వండుతారు. అందులో చికెన్, రొయ్యలు పడతాయి కనుక అమ్మకు వేయించిన మిరపకాయలు, బంగాళాదుంపలు చేయించాం. మా వసతిలో ఎనిమిది గదులే, లిఫ్టు లేదు, కానీ ఏసీ సవ్యంగా పనిచేసింది. చివరి రోజు విమానం రాత్రికి ఉందని తెలిసి యజమానురాలు మధ్యాహ్నం నాలుగు వరకు గది ఖాళీ చేయనక్కరలేదంది, అదనంగా ఏమీ తీసుకోలేదు. రెండున్నరకు ఆమె చెప్పిన సందులోని హోటల్లో పద్నాలుగు యూరోల దినభోజనం తిని, గదికి వచ్చి ఊరందరితో పాటు ఒక కునుకు తీసి, ఐదింటి బస్సెక్కాం.