కొత్త లైసెన్సు, ఒక బీరు: హైదరాబాద్‌లో ఎంత, మెల్‌బోర్న్‌లో ఎంత
మా తమ్ముడికి లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు, మొన్న శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో "ఒక్క బీరే కదన్నా" అంటూ కారు తాళాలు తీశాడు. మన చట్టానికి కొత్తా పాతా తేడా లేదు, ఎవరికైనా 100 మి.లీ. రక్తంలో మద్యం 30 మి.గ్రా. దాటకూడదు, దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. మెల్‌బోర్న్‌లో మామూలు డ్రైవర్లు 50కి లోపు ఉంటే చాలు, కానీ కారుకి పీ ప్లేటు (కొత్త డ్రైవరని చెప్పే P అక్షరం పలక) తగిలించుకున్న కొత్తవాళ్లకి మాత్రం సున్నా. నాకైతే అదే నయం. 30 అనగానే మనవాడు లెక్కలు మొదలుపెడతాడు, సగం గ్లాసా, ముప్పావా, బిర్యానీ తింటే దిగుతుందా అని (దిగదు). తాళాలు లాక్కుని ఆటో ఎక్కించా. రెండు సిగ్నళ్లు దాటగానే పోలీసులు, చేతిలో ఊదుడు మిషన్.