ఎటిమ్‌ఆన్‌లైన్ రివ్యూ: ఇంగ్లీష్ ట్యూషన్ చెప్పేవాళ్లు తప్పకుండా వాడాల్సింది

మా బరంపురంలో ట్యూషన్‌కొచ్చే పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పరీక్షకి ఇంగ్లీష్, ఒక్కో ఇంగ్లీష్ మాటకి నాలుగేసి అర్థాలు బట్టీ పట్టమంటే పడతారు గాని వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకే నేను ఎటిమ్‌ఆన్‌లైన్ పట్టుకున్నా. మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే డిక్షనరీ అది, అమెరికాలో డగ్లస్ హార్పర్ అనే ఆయన తయారుచేశారు, సైట్‌లో వెతుక్కోడానికి డబ్బులు కట్టక్కర్లేదు.

ష్రింక్ అనే మాట తీసుకోండి. చొక్కా ఉతికితే ష్రింక్ అయిపోయింది అంటాం, మనకి తెలిసిన అర్థం అదే. పాత ఇంగ్లీష్‌లో ఇది ష్రింకన్, అంటే కాళ్లూ చేతులూ లోపలికి ముడుచుకోవడం, వాడిపోవడం, ఎండి ముడతలు పడటం. స్వీడిష్‌లో గుడ్డ నలిగితే చెప్పే మాట కూడా దీనికి చుట్టమేనట! ఇది చదివాక ట్యూషన్ గట్టు పక్కనున్న అత్తిపత్తిని ఒక పాపచేత ముట్టించా, ఆకులు జంటలు జంటలుగా మూసుకుని కాడ కిందికి వాలిపోయింది, ఇప్పుడు ఆ మొక్క చిన్నదైందా భయపడి వెనక్కి తగ్గిందా అని అడిగితే పిల్లలు రెండూనండీ అన్నారు. 1300ల నాటికే ష్రింక్ ఫ్రమ్ అంటే జంకడం, వెనకాడటం అనే అర్థం వచ్చేసింది, దాన్ని ఇంక విడిగా బట్టీ పట్టించాల్సిన పని లేకపోయింది.

ష్రింక్, ష్రాంక్, ష్రంక్ కూడా అంతే, డ్రింక్ డ్రాంక్ డ్రంక్ వరసలోదే, ఈ మార్పు పాత ఇంగ్లీష్ నుంచీ ఉంది.

మానసిక వైద్యుణ్ణి అమెరికావాళ్లు ష్రింక్ అనడం మాత్రం కొత్తది. అమెజాన్ అడవుల్లో షువార్ తెగవాళ్లు చంపిన శత్రువు తలని చిన్నదిగా చేసి దాచుకునేవాళ్లు, ఆ తలలు కుదించేవాళ్ల పేరే, హెడ్‌ష్రింకర్ అని, యాసలో డాక్టర్లకి తగిలించారు, 1960ల్లో అది ష్రింక్‌గా పొట్టిదైంది. పిల్లలకి చెప్పేటప్పుడు ఇది వాడకూడని మాటని కూడా చెప్పండి, వైద్యానికి వెళ్లేవాళ్లని వెక్కిరించినట్టవుతుంది, నాకైతే అస్సలు నచ్చదు. ధర మార్చకుండా ప్యాకెట్లో బిస్కెట్లు తగ్గించడాన్ని ష్రింక్‌ఫ్లేషన్ అంటారు కదా, అది పెద్ద పిల్లలు వెంటనే పట్టుకున్నారు.

దీని పని మాట చరిత్ర చెప్పడం, వాక్యంలో ఎలా వాడాలో నేర్పడం కాదు, కాబట్టి పక్కన మామూలు డిక్షనరీ ఒకటి ఉండాల్సిందే. కుదించి రాసిన మాటలు ఎక్కువ, పిల్లల చేతికి నేరుగా ఇవ్వకుండా ముందు మీరు చదువుకోండి. మాట ముందు నక్షత్రం గుర్తు (*) ఉందంటే అది ఏ పాత రాతలోనూ దొరికింది కాదు, చుట్టపు భాషల్ని పోల్చి పండితులు కట్టిన రూపం, పిల్లలకి చెప్పేటప్పుడు ఆ తేడా కూడా చెప్పండి. నేనైతే అయిదుకి నాలుగున్నర ఇస్తా.