గుట్ట ఎక్కే గూర్ఖా, సెల్లార్‌లో పట్టే థార్: రెండూ నడిపినవాడి మాట

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంటులో నాది మహీంద్రా వారి డీజిల్ ఆటోమేటిక్ థార్, మా బావమరిదిది ఫోర్స్ కంపెనీ 2021 మోడల్ గూర్ఖా. పనిని బట్టి ఎవరి తాళంచెవి ఎవరైనా తీసుకోవడం మా రెండిళ్ళలో మొదటినుంచీ ఉన్న అలవాటు కావడంతో రెండు బండ్లనూ ఎండలోనూ వానలోనూ, ట్రాఫిక్‌లోనూ చేలగట్ల మీదా నేను దాదాపు సమానంగానే నడిపాను. ఏది కొనాలని నన్ను అడిగేవారు సాధారణంగా హార్స్‌పవర్ దగ్గర మొదలుపెట్టి మైలేజీ దగ్గర ఆగుతారు. ఈ రెండు బండ్ల మధ్య అసలు తేడా ఆ రెండింటిలోనూ లేదని నా అభిప్రాయం.

అయినా అంకెలు చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు. 2020 అక్టోబరు 2న విడుదలైన ఈ తరం థార్‌లోని 2.2 లీటర్ల డీజిల్ ఇంజను 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. గూర్ఖాది 2.6 లీటర్ల ఇంజను. మెర్సిడెస్ వారి పాత ఓఎం 616 ఇంజను వంశానికి చెందినది. 2021 మోడల్‌లో అది 91 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగుతుంది, గేర్లు ఐదే, ఆటోమేటిక్ లేదు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలనుంచి బండి అడుగుభాగం ఎత్తు, థార్‌కు 226 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 205. ఈ పట్టిక మాత్రమే చూసినవారెవరైనా థార్ కొనేసి వస్తారు. గూర్ఖాకు ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులున్నాయన్న సంగతిని మాత్రం షోరూముల్లో ఒక్క మాటతో దాటేస్తారు. నా దృష్టిలో కథంతా అక్కడే ఉంది.

మలుపుల్లో రెండు వైపుల చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళచక్రాల పెట్టెనే డిఫరెన్షియల్ అంటారు. అది మామూలుదే ఉన్న బండిలో ఒక చక్రం గాలిలోకి లేస్తే ఇంజను శక్తి దాని ద్వారానే వృథాగా పోతుంది, నేలమీద ఉన్న రెండో చక్రం కదలదు. లాకు వేస్తే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించినట్టు కలిసి తిరుగుతాయి. నా థార్‌లో వెనక డిఫరెన్షియల్‌కు ఉన్న మెకానికల్ లాకు మన చేతిలో ఉండదు. రెండు వెనక చక్రాల వేగాల మధ్య తేడా ఒక హద్దు దాటగానే అది తనంతట తాను పడుతుంది. అంటే మొదట చక్రం జారాలి, మట్టి ఎగరాలి, ఆ తర్వాత కింద ‘టక్’మని ఒక కుదుపు వచ్చి బండి ముందుకు దూకాలి. ముందు చక్రాల విషయంలో లాకు ఉండదు. జారుతున్న చక్రానికి బ్రేకు వేసి శక్తిని రెండోవైపు మళ్ళించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఆ పని చేస్తుంది. గూర్ఖాలో రెండు లాకులనూ డ్రైవరే లివర్లు లాగి వేసుకోవాలి. జారకముందే, బండి ఇంకా పట్టు మీద ఉండగానే వేసుకోవాలి. థార్ తప్పు జరిగాక సరిదిద్దుతుంది, గూర్ఖా ముందే ఆలోచించమంటుంది. బండి దిగి, నడిచి వెళ్ళి, దారి చూసి వచ్చి నడిపే స్వభావం ఉన్నవారికి గూర్ఖా నచ్చుతుంది. ఆ ఓపిక లేనివారి చేతిలో ఆ రెండు లివర్లూ అలంకారాలుగానే మిగులుతాయి.

మా ఊరు కదిరి పక్కన. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర జాతీయ రహదారి వదిలి గోరంట్ల మీదుగా వెళ్తాము. ఆంధ్రలో డీజిల్ ధర కర్ణాటక కన్నా ఎక్కువ కాబట్టి బాగేపల్లి దాటకముందే టాంకు నింపుకోవడం ఆ దారిలో తిరిగే అందరూ చేసేదే. థార్ టాంకు 57 లీటర్లదైతే గూర్ఖాది అంతకన్నా పెద్దది. దేవనహళ్ళి దాటిన దగ్గర్నుంచి థార్ వందలో హాయిగా సాగిపోతుంది. అదే దారిలో గూర్ఖా ఎనభై దగ్గర ఎంతో మర్యాదగా ఉంటుంది గాని, చిక్కబళ్ళాపురం ఎగువల్లో లారీని దాటాలంటే ముందుగా గేరు తగ్గించి, ఎదురుగా ఖాళీ చూసుకుని, కొంత గాలి కూడా అనుకూలించాలేమో అనిపిస్తుంది. రోడ్డు వదిలాక మాత్రం లెక్క మారుతుంది.

మా పొలానికి వెళ్ళే దారిలో మొదట ఒక వంక దాటాలి. ఎండాకాలంలో అది మోకాలి లోతు ఇసుక. అక్కడ కావలసింది ఊపు, శక్తి. టైర్లలో గాలి బాగా తగ్గించి, లో రేంజిలో (వేగం తగ్గించి బలం పెంచే గేర్లలో) ఆగకుండా పోతే థార్ ఇట్టే దాటుతుంది. గూర్ఖా కూడా దాటుతుంది గాని ఇంజను గట్టిగా ఆయాసపడుతుంది. వంక దాటాక గుట్టవారగా గుండ్రాళ్ళ బాట ఉంటుంది. ఒకచోట వానకు బాట కోసుకుపోయి, ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం ఒకేసారి గుంటల్లో వేలాడేలా తయారైంది. థార్‌తో అక్కడ కొంచెం ఎక్కువ యాక్సిలరేటరు ఇచ్చి, చక్రాలు గిర్రున తిరిగి, లాకు పడేదాకా నమ్మకంతో కాలు తీయకుండా ఉండాలి. ఈలోగా రాళ్ళు ఎగిరి అడుగుభాగానికి తగులుతాయి. గూర్ఖాలో కిందనే వెనక లాకు వేసి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలేసి, యాక్సిలరేటరు మీద కాలే పెట్టకుండా కూర్చుంటే, వేలాడుతున్న చక్రం గాలిలో ఎంత నెమ్మదిగా తిరుగుతుందో నేలమీది చక్రమూ అంతే నెమ్మదిగా తిరుగుతూ బండిని పైకి చేరుస్తుంది. ముందు లాకు కూడా వేస్తే స్టీరింగు తిరగనని మొండికేస్తుంది కాబట్టి దాన్ని నిటారుగా పోయేచోట తప్ప వాడకూడదు. గట్టి తారురోడ్డు మీద గూర్ఖా లాకులూ, రెండు బండ్లలోనూ నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఫోర్ వీల్ డ్రైవూ నిషిద్ధమే. వీటిలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు కనుక మలుపుల్లో ఆ ఒత్తిడంతా పళ్ళచక్రాల మీద పడుతుంది.

మా బావమరిది వాళ్ళ పొలం జమ్మలమడుగు వైపు, నల్లరేగడి. వాన పడ్డ మర్నాడు అందులోకి ఏ బండి దిగినా ఒకటే. టైరు గాళ్ళన్నీ జిగటమట్టితో నిండిపోయి చక్రం నున్నగా తయారవుతుంది, ఆ తర్వాత లాకులు ఎన్ని ఉన్నా అక్కడే తిరుగుతుంది. షోరూము నుంచి వచ్చే టైర్లతో రేగడిలోకి దిగాలని ఆలోచించేవారు ముందు ఊళ్ళో ట్రాక్టరు ఎవరికి ఉందో కనుక్కోవడం మంచిది.

ఇక బెంగళూరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం సిల్క్ బోర్డు వైపు పోయేవారికి ఆటోమేటిక్ గేరు ఒక్కటే థార్ వైపు మొగ్గడానికి చాలిన కారణం. గూర్ఖా క్లచ్ మీద గంటన్నరసేపు ఆడిన కాలికి ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రెండో సంగతి ఎత్తు. గూర్ఖా ఎత్తు 2075 మిల్లీమీటర్లు. గరిష్ఠ ఎత్తు 2.1 మీటర్లని బోర్డు పెట్టిన సెల్లార్‌లోకి అది సిద్ధాంతరీత్యా పడుతుంది. పైన క్యారియర్ బిగిస్తే పట్టదు. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఒక దూలం కింద నీటిగొట్టం వేలాడుతూ ఉంటుంది. గూర్ఖా వచ్చినప్పుడల్లా వాచ్‌మన్ లేచి వచ్చి, తల పైకెత్తి, అరచేయి ఆ గొట్టానికీ టాపుకూ మధ్య దూర్చి చూసి, ‘బన్ని బన్ని’ (రండి రండి) అంటూ లోపలికి పిలుస్తాడు. క్యారియర్ మాత్రం కొన్న కొన్నాళ్ళకే ఊరికి చేరింది.

ఊళ్ళో మాత్రమే తిప్పే డీజిల్ బండి కొనేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలకు తయారైన డీజిల్ బండ్లలో పొగగొట్టంలోని ఫిల్టరు మసిని పట్టి ఉంచుతుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజను కొంతసేపు ఒకే వేగంతో, బాగా వేడిగా నడవాలి. ఇంటినుంచి ఆఫీసుకు ప్రథమ, ద్వితీయ గేర్లలో పాకే ప్రయాణాల్లో ఆ అవకాశం రాదు, చివరికి డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. వారానికొకసారి హోసకోటె వైపు అరగంట ఆగకుండా నడిపి వస్తే ఈ బాధ ఉండదు. వారాంతాల్లోనూ ఊరు దాటనివారికి పెట్రోలు బండే మేలు.

2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాలు మునిగి జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళినప్పటినుంచి మన ఊరివారికి స్నార్కెల్ మీద గురి ఎక్కువైంది. గూర్ఖాకు అది కంపెనీనుంచే వస్తుంది, 700 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదని చెబుతారు; థార్‌కు 650. స్నార్కెల్ ఇంజనులోకి నీరు పోకుండా గాలి పీల్చుకునే చోటును పైకెత్తుతుందే తప్ప తలుపుల సందుల్లోంచి వచ్చే నీటిని ఆపదు, మూత లేని మ్యాన్‌హోలును చూపించదు. లోతు నీటిలో దిగి వచ్చిన బండికి డిఫరెన్షియల్ ఆయిల్ తీసి చూడాలి. అది పాలు కలిపిన కాఫీలా కనబడితే లోపలికి నీరు చేరిందని అర్థం, వెంటనే మార్చాలి.

పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇంటికి మూడు తలుపుల ఈ బండ్లు రెండూ కష్టమే. వెనక కూర్చోవడం ఒక్కటే చూస్తే గూర్ఖా వెనక అద్దాలు పెద్దవి, వెలుతురు ఎక్కువ. కాని మా అత్తగారు దాని మెట్టు చూసి థార్ ముందు సీటు తనదని ఎప్పుడో ప్రకటించారు. భద్రత విషయంలో నా మొగ్గు థార్ వైపే. 2020లో బండిని ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి ఐదింటికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ నా మోడల్‌లో ఉంది, 2021 గూర్ఖాలో లేదు. ఇంత ఎత్తైన బండికి ఘాట్ రోడ్డు మీద అది ఉండవలసిన వస్తువు.

ఇప్పుడు కొనేవారికి పోటీ రూపం మారింది. 2024లో గూర్ఖా ఇంజను 140 హార్స్‌పవర్‌కు, 320 న్యూటన్ మీటర్లకు పెరిగింది, గ్రౌండ్ క్లియరెన్స్ 233 అయింది, ఐదు తలుపుల రూపమూ వచ్చింది; హైవే మీద నేను పైన చెప్పిన ఫిర్యాదులో పెద్దభాగం దీనితో తీరినట్టే. అదే ఏడాది ఆగస్టు 15న వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌కే ఇచ్చారు. ధర చూసుకునేటప్పుడు కర్ణాటకలో 10 లక్షలు దాటిన బండికి జీవితకాలపు పన్ను 17 శాతమనీ, 20 లక్షలు దాటితే 18 శాతమనీ, పైన సెస్సు ఉంటుందనీ గుర్తుంచుకోవాలి. కుటుంబంతో తిరిగేవారు నిస్సందేహంగా ఐదు తలుపులవే చూడాలి. అయితే థార్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లయితే రాక్స్‌లో 2850. బాట గట్టు ఎక్కి దిగేచోట పొట్ట నేలకు తగిలే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. మా గుట్టవార బాటలో అంత పొడవు బండి కుదరదని కొలత వేసి చూసుకున్నాము కాబట్టి, బావమరిది కొత్త గూర్ఖా మూడు తలుపులదే టెస్ట్ డ్రైవ్ అడిగాడు.