హీటు ముల్లు అబద్ధం పట్టించిన స్కానర్: రెండేళ్లు వాడాక

కోరాపుట్ వెళ్లే దారిలో సాలూరు ఘాట్ ఎక్కుతుంటే మీటర్ బోర్డులో ఇంజిన్ వేడి చూపే హీటు ముల్లు ఎర్ర గీతకి పోతే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నా పాత పెట్రోలు కారు ఏడాదిపాటు ఇలాగే భయపెట్టింది. విజయనగరంలో ఒక మెకానిక్ థర్మోస్టాట్ మార్చాడు, తర్వాత రేడియేటర్ కడగాలన్నాడు. డబ్బులు దిగాయి గానీ ముల్లు దిగలేదు. అప్పుడు కొన్నాను ఈ బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్ లెక్కల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం), 900 రూపాయలకి. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చితే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి ఫోన్‌లో డిగ్రీల్లో కనిపిస్తుంది.

మొదటి రోజే గుట్టు బయటపడింది. ముల్లు ఎర్ర గీత దగ్గర, ఫోన్‌లో 91, అంటే మామూలు వేడే. మా కారులో మీటరుకో సెన్సార్, ఇంజిన్ కంప్యూటర్‌కో సెన్సార్. (ఒకే సెన్సార్ ఉన్న బళ్లలో అది పాడైతే రెండూ కలిసే అబద్ధమాడతాయి.) ఇంకో వింత: హెడ్‌లైట్లు వేస్తే ముల్లు లేచేది, ఆర్పితే దిగేది. సాలూరులో లారీలు బాగుచేసే పెద్దాయనకి చెబితే నవ్వేశాడు. "అది హీటు కాదు బాబూ, ఎర్తు. ముందు అది సూడండి." మీటర్ బోర్డు వెనక ఎర్తు బోల్టు (కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే చోటు) తుప్పు పట్టి ఉంది. ఎమరీ పేపర్‌తో గీకి బిగించాడు. అంతే, ముల్లు సగానికి దిగింది.

అలాగని స్కానర్‌ని గుడ్డిగా నమ్మకండి. మొన్న వేసవిలో రామభద్రపురం దగ్గర బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే ఫోన్‌లో 70 చూపించింది. హోస్ చిట్లి కూలెంట్ కారిపోయింది. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. హీటర్ వేస్తే చల్లగాలి వచ్చింది, అప్పుడు అర్థమైంది. బండి ఆపి, బాగా చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోలేదు.

తమ్ముడి కొత్త కారులో పెట్టి చూశాను. ఫోన్‌లో 80 నుంచి 100 దాకా మారుతున్నా ముల్లు నడిమధ్య నుంచి కదల్లేదు. డ్రైవర్ కంగారు పడకుండా చాలా కంపెనీలు అలాగే చేస్తాయి, నాకు మాత్రం నచ్చలేదు.

లోపాలు? ఫోన్ వస్తే కనెక్షన్ పోతుంది. ఓసారి గుచ్చి వదిలేసి పెళ్లికి పోతే, వారం తర్వాత బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగలేదు. అందుకే సాలూరు దాటేముందు గుచ్చుతాను, ఘాట్ అయిపోగానే పీకేస్తాను.