ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కారు బ్యాటరీ ప్యాక్: సోల్డరింగా, స్పాట్ వెల్డింగా?

సబ్-సీ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఆరింటిని సిరీస్‌లో కలిపితే 7.2 వోల్టుల ప్యాక్ తయారవుతుంది. కలపడానికి దారులు రెండు: స్పాట్ వెల్డింగ్, లేదంటే సోల్డర్ అనే మెత్తటి లోహాన్ని ఐరన్‌తో కరిగించి అతికే సోల్డరింగ్.

స్పాట్ వెల్డింగ్‌లో నికెల్ పట్టీని సెల్ మీద పెట్టి, కొన్ని మిల్లీసెకన్ల పాటు భారీ కరెంటు పంపిస్తారు. వేడి ఆ చుక్క దగ్గరే ఆగుతుంది, లోపలికి పాకదు. 18650 లాంటి లిథియం సెల్స్‌కైతే నా ఓటు దీనికే. వాటి మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టనే వద్దు. చిక్కల్లా పట్టీతోనే. 0.15 మిల్లీమీటర్ల పల్చటి నికెల్, పైగా కరెంటు మోయడంలో రాగి కంటే చాలా వెనక. రేసు మోటారు ఒక్కసారిగా 30 ఆంపియర్లు లాగితే పట్టీ వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది.

అందుకే నికెల్ సెల్స్‌తో రేసు ప్యాక్ కట్టాలంటే మందపాటి రాగి బార్లు, సోల్డరింగే మేలు. ఇక్కడ చాలామంది చిన్న ఐరన్ అయితే సేఫ్ అనుకుంటారు. జరిగేది తలకిందులు. 25 వాట్ల ఐరన్‌తో సోల్డర్ కరిగేలోపు వేడంతా సెల్‌లోకి దిగి, లోపలి ప్లాస్టిక్ సీలు దెబ్బతింటుంది. 80 నుంచి 100 వాట్లు, వెడల్పాటి మొన ఉంటే రెండు మూడు సెకన్లలో పని అయిపోతుంది. ముందు సెల్ చివరలు శాండ్‌పేపర్‌తో రుద్ది, రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టేలా చేసే పూత) రాసి, సెల్‌కీ బారుకీ విడివిడిగా సోల్డర్ పూత పట్టించాలి. అతుకు అంచుల దాకా పల్చగా పరుచుకుంటే బాగున్నట్టు, ముద్దలా నిలబడితే పట్టనట్టు. పాజిటివ్ బొడిపె దగ్గర మరీ జాగ్రత్త, గ్యాస్ పోయే వెంట్ దాని కిందే ఉంటుంది.

ఏ పద్ధతైనా సరే, మొదలుపెట్టే ముందు చేతి ఉంగరాలు తీసేయండి.