మాజీ సైనికులకు గౌరవం: రాతి మీద పేర్లా, ఊరంతా కలిసి వేసే గోడబొమ్మా? ఏది మేలు?

ఊళ్లోని మాజీ సైనికుల కోసం ఏదైనా చేద్దామని నలుగురు కూర్చుంటే మాట రెండు వైపులకు పోతుంది. గ్రానైట్ ఫలకం మీద పేర్లు చెక్కిద్దామని కొందరంటారు. పెద్ద గోడ ఒకటి చూసుకుని అందరం కలిసి బొమ్మ వేద్దామని ఇంకొందరంటారు. రాయి అయితే ఎక్కువ కాలం ఉంటుంది, బొమ్మ అయితే అందంగా ఉంటుంది అన్నంతవరకే చర్చ నడుస్తుంది. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. మనం గౌరవించాలనుకుంటున్న మనిషి చనిపోయాడా, మన మధ్యే ఉన్నాడా?

పేర్ల గోడ ఎంత బలమైనదో చూడాలంటే వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకాన్ని చూడాలి. 1982లో ప్రారంభమైంది. డిజైన్ పోటీలో గెలిచిన మాయా లిన్ అప్పటికి 21 ఏళ్ల విద్యార్థిని. మెరిసే నల్ల గ్రానైట్ మీద 58,000కు పైగా పేర్లు. ఆ రాయి వెళ్లింది మన బెంగళూరు ప్రాంతం నుంచే. పేర్ల పక్కన ర్యాంకులు లేవు. అక్షర క్రమం కూడా లేదు, నేలకొరిగిన తేదీల వరసలో ఉన్నాయి. అందువల్ల ఒకే రోజు పోరాటంలో పోయినవాళ్ల పేర్లు ఒకచోటే ఉంటాయి. వచ్చినవాళ్లు పేరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది ఆ అక్షరాల అచ్చు ఇంటికి తీసుకెళతారు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఇంతకంటే ఏ స్మారకం ఎక్కువ ఇవ్వగలదు?

అయినా ఆ గోడ అందరికీ సరిపోలేదు. మనుషులు కనిపించని స్మారకం ఏమిటని మాజీ సైనికుల్లోనే కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాంతో 1984లో ముగ్గురు సైనికుల కంచు విగ్రహాన్ని దగ్గర్లో నిలిపారు. యుద్ధంలో పనిచేసిన స్త్రీల మాటేమిటన్న ప్రశ్న తర్వాత వచ్చింది, వాళ్ల స్మారకం 1993లో వచ్చింది. చనిపోయినవాళ్ల కోసం, ఆచూకీ తెలియనివాళ్ల కోసం కట్టిన గోడ మీద తిరిగి వచ్చినవాళ్లకు చోటు ఎలా ఉంటుంది? ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. త్యాగచక్రంలో గ్రానైట్ పలకల మీద అమరుల పేర్లు, వీరతాచక్రంలో యుద్ధ ఘట్టాల కంచు కుడ్యచిత్రాలు. అక్కడ కూడా పేరు చెక్కేది ప్రాణాలిచ్చినవాళ్లకే. అది సబబే. కానీ ఇరవై ఏళ్లు సర్వీసు చేసి, రిటైరై, మన వీధిలోనే ఉంటున్న హవల్దారుకు రాతి మీద పేరు ఎందుకో కొంచెం ముందే వచ్చిన నివాళిలా ఉంటుంది.

గోడబొమ్మ సంగతి వేరు. పని పూర్తయ్యాక కనిపించే బొమ్మ కంటే దాన్ని వేసిన నెలలే విలువైనవని నేను నమ్ముతాను. లాస్ ఏంజెలెస్‌లో చిత్రకారిణి జూడీ బాకా ఆధ్వర్యంలో 1976లో మొదలైన ‘గ్రేట్ వాల్’ అనే గోడబొమ్మ దాదాపు అర మైలు పొడవు ఉంటుంది. కొన్ని వేసవుల పాటు 400 మందికి పైగా పిల్లలు, యువకులు దాని మీద పనిచేశారు. ఏం గీయాలో తెలుసుకోవడానికి వాళ్లు ముందు చరిత్రను వినాల్సి వచ్చింది. ఇదే పని మాజీ సైనికులతో జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. పదో తరగతి పిల్ల ఒక మెడల్ రిబ్బన్‌కు రంగు వేస్తూ ‘ఇది దేనికిచ్చారు తాతయ్యా?’ అని అడుగుతుంది. ఎదురెదురుగా కూర్చుని అడిగితే చెప్పని మాటలు, ఇద్దరి చూపూ బొమ్మ మీద ఉన్నప్పుడు కాస్త తేలిగ్గా బయటికొస్తాయి. అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక వైద్య కేంద్రంలో, మెదడుకు గాయాలైన సైనికుల చేత ఆర్ట్ థెరపీలో భాగంగా మాస్కులకు రంగులు వేయిస్తారు. మాటల్లో పెట్టలేనిది వాళ్లు అక్కడ రంగుల్లో పెడతారు. ఊరి గోడబొమ్మ వైద్యం కాదు, అలా ప్రచారం చేయకూడదు కూడా. అయినా ‘నీ కథ మాకు కావాలి’ అని పదిమంది పక్కన కూర్చుని అడగడం చిన్న విషయం కాదు. శిలాఫలకంలో ఆ అవకాశం లేదు. పేర్ల జాబితా ఇస్తాం, చెక్కేవాడు చెక్కుతాడు, ఒకరోజు ముసుగు తీస్తాం.

ఇక గోడబొమ్మ బలహీనతలు. మొదటిది చెమ్మ. ఎంత మంచి కళాకారుడు వేసినా, లోపల తడి ఉన్న గోడ మీద రంగు పొక్కి పెచ్చులుగా ఊడిపోతుంది. రెండోది ఎండ. మామూలు ఎరుపు, పసుపు రంగుల్లో చాలావరకు ముందుగా వెలిసిపోతాయి, మట్టి రంగులు నిలుస్తాయి. జెండా, రిబ్బన్లు, యూనిట్ చిహ్నాలు ఉండే బొమ్మకు ఇది పెద్ద సమస్య. వెలిసిపోయిన జెండా కింద వీరుల బొమ్మలంటే గౌరవం కాస్తా అవమానం అవుతుంది. జర్మనీలో కైమ్ అనే ఆయన 1878లో పేటెంటు తీసుకున్న సిలికేట్ రంగులు గోడ పైన పొరలా కాకుండా సున్నం, సిమెంటుతో రసాయనికంగా కలిసిపోతాయి, దశాబ్దాలు ఉంటాయి. కాకపోతే వాటితో పనిచేయడం తెలిసినవాళ్లు ఉండాలి. ముందే వేరే పెయింటు వేసి ఉన్న గోడకు అవి పట్టవు.

అందరూ చెయ్యి వేయాలనుకుంటే నేరుగా గోడ మీద వేయడం కన్నా గుడ్డ మీద వేసి అతికించడం మేలు. ఫిలడెల్ఫియాలో 1984లో గ్రాఫిటీని (గోడల మీద అనుమతి లేని రాతలను) అరికట్టడానికి మొదలై, ఇప్పటికి వేల గోడబొమ్మలు వేయించిన కార్యక్రమం ఈ పద్ధతిని బాగా వాడింది. పల్చటి పాలియెస్టర్ గుడ్డ మీద బొమ్మ గీతలు దించి, ఏ గడిలో ఏ రంగో నంబర్లు వేసి ఇస్తారు. అందరూ నీడపట్టున, బల్లల దగ్గర కూర్చుని రంగులు నింపుతారు. తర్వాత ఆ గుడ్డలను యాక్రిలిక్ జెల్‌తో గోడకు అతికిస్తారు. మన విషయంలో ఇది సౌకర్యం ఒక్కటే కాదు. 75 ఏళ్ల మనిషి మోకాళ్ల నొప్పులతో పరంజా ఎక్కలేడు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు అసలే ఎక్కలేరు. నేరుగా గోడ మీద వేస్తే ఎవరి గౌరవార్థం వేస్తున్నామో వాళ్లే కింద నిలబడి చూస్తూ ఉండాల్సి వస్తుంది.

ఏం గీయాలన్న దగ్గరే గొడవలు ఎక్కువ. ముఖాలు గీస్తే, గీయని ప్రతి ముఖం ఒక ఫిర్యాదే. యుద్ధ ట్యాంకులు, పేలుళ్లు చూసేవాళ్లకు బాగానే ఉంటాయి, వాటి మధ్య నుంచి వచ్చినవాళ్లకు రోజూ అటుగా నడవడం టెన్షన్ కావచ్చు. నా ఓటు పనులకు: వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్న సిగ్నల్స్ మనిషి, వంతెన కడుతున్న ఇంజనీర్లు, నర్సు, లారీ డ్రైవరు, వంటవాడు. తుపాకీ పట్టినవాళ్లే సైన్యం అన్న అపోహ దాంతో కొంత పోతుంది, ఎక్కువమందికి తమ సర్వీసు అందులో కనిపిస్తుంది. ఏ పని గీసినా స్కెచ్ దశలోనే ర్యాంకు పట్టీలు, రిబ్బన్ల వరస, టోపీ మీద బ్యాడ్జి మాజీ సైనికులకు చూపించి ఖాయం చేసుకోవాలి. అందులో తప్పు వాళ్ల కంటికి మొదటి చూపులోనే దొరుకుతుంది. బతికున్న మనిషి పోలిక ఎక్కడ వచ్చినా ఆయన అనుమతి తప్పనిసరి.

గోడ ఎవరిదన్నది రాయించుకోకుండా బ్రష్ ముట్టుకోవద్దు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యచిత్రాన్ని 1979లో ప్రభుత్వం తీసేస్తే ఆయన కోర్టుకెళ్లాడు, హైకోర్టు తుది తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చేసరికి 2005 అయింది. అంత పేరున్న కళాకారుడికే అన్నేళ్లు పట్టింది. ఊరి బొమ్మ కోసం అంతకాలం కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?

నా మాట ఇది. స్మరించుకునేది ప్రధానంగా అమరులనైతే పేర్ల రాయే పెట్టండి, బొమ్మ జోలికి పోవద్దు. మీ ఊళ్లో బతికున్న మాజీ సైనికులు ఉంటే, వాళ్లలో కొందరైనా వచ్చి కూర్చోవడానికి సిద్ధంగా ఉంటే, గోడబొమ్మే మేలు. గుడ్డ మీద వేయండి, పక్కనే చిన్న ఫలకం మీద అందరి పేర్లూ చెక్కించి, తర్వాత రిటైరై వచ్చేవాళ్ల కోసం కింద ఖాళీ ఉంచండి. కొన్నేళ్లకోసారి కడిగి, పైన రక్షణ పూత వేసే బాధ్యత ఏ సంఘానిదో, ఏ స్కూలుదో ముందే కాగితం మీద పెట్టండి. ఆ బాధ్యత తీసుకునేవాళ్లు ఒక్కరూ ముందుకు రాకపోతే మాత్రం నేనూ రాయి వైపే ఓటేస్తాను.